అమ్మాయికి అమెరికా, అల్లుడికి జర్మనీ: పిల్లలున్న సంసారానికి ఏ దేశం మేలు?

ప్రశ్న: కోవూరు మాస్టారు, నెల్లూరు జిల్లా

నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి, అల్లుడు గారు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లకు నాలుగేళ్ల పాప ఉంది, అమ్మాయికి ఇప్పుడు మూడో నెల. ఈ సమయంలో ఇద్దరికీ రెండు వేర్వేరు దేశాల నుంచి పిలుపు వచ్చింది. అమ్మాయిని ఆమె కంపెనీ ఎల్-1 వీసా మీద డాలస్ కార్యాలయానికి మారుస్తానంటున్నది. జీతం ఏడాదికి 1,40,000 డాలర్లు. అల్లుడు గారికి మ్యూనిక్‌లో 80,000 యూరోల ఉద్యోగం ఖాయమైంది. నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డు అనే నివాస అనుమతి వస్తుందట. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకొని ఈ నెలాఖరులోగా చెప్పాలి.

మా వైపు ఈ ప్రశ్న ఎవరిని అడిగినా ఆలోచించకుండానే జవాబు చెబుతారు. కోవూరు నుంచి నెల్లూరు దాకా ఏ వీధిలో చూసినా పిల్లలను అమెరికాకు పంపిన తల్లిదండ్రులు కనిపిస్తారు. జర్మనీ అనగానే మా బావమరిది ‘అమెరికా కుదరలేదా బావా?’ అంటూ పరామర్శకు వచ్చినట్టు మాట్లాడాడు. జీతాలు చూసినా అమెరికాదే పైచేయి. అయితే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990 నుంచి ప్రకటిస్తున్న మానవాభివృద్ధి సూచికను ఏళ్ల తరబడి పిల్లలకు పాఠంగా చెప్పినవాణ్ని కనుక, ఆ జాబితాలో జర్మనీ, ఆస్ట్రేలియా వంటి దేశాలు అమెరికా కంటే పైన ఉండడం నన్ను తొలుస్తున్నది. అంత సంపద ఉన్న దేశం ఆ వరుసలో వెనకబడడానికి కారణమేమిటి? ఆ కారణం మా పిల్లల వంటి వాళ్లకు వర్తిస్తుందా, లేక అక్కడి పేదలకు మాత్రమేనా?

కాన్పు, వైద్యం, బడి, ఉద్యోగం పోతే ఏమిటన్నది, మేమిద్దరం వెళ్లి కొంతకాలం ఉండగలమా అన్నది, ఇవే మా ఇంట్లో రోజూ నడుస్తున్న చర్చలు. ఆయా దేశాల్లో సంసారం చేస్తున్నవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: కావలి అబ్బాయి, డాలస్

మాస్టారు గారికి నమస్కారాలు. మా సొంతూరు కావలి. చాలా ఏళ్లుగా డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో కాపురం ఉంటున్నాం. ముందు డబ్బు సంగతి చెబుతాను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. 1,40,000 డాలర్లలో కేంద్ర ఆదాయపు పన్ను, సోషల్ సెక్యూరిటీ అనే పింఛను పథకానికి 6.2 శాతం, వృద్ధుల వైద్య పథకమైన మెడికేర్‌కు 1.45 శాతం పోగా, భార్యాభర్తలు ఉమ్మడిగా రిటర్ను దాఖలు చేస్తే నెలకు సుమారు 9,600 డాలర్లు చేతికి వస్తాయి. అందులోంచి కుటుంబ ఆరోగ్య బీమాలో ఉద్యోగి వాటాగా నెలకు దాదాపు 500 డాలర్లు పోతాయి. ఇంటి అద్దె, రెండు కార్ల వాయిదాలు, వాటి బీమా, ఇద్దరు పిల్లల డేకేర్ కలిపితే మొదటి రెండు మూడేళ్లు ఒక్క జీతం మీద పెద్దగా మిగలదు. మా చుట్టుపక్కల ఒక్క డేకేరే ఇంటి అద్దెతో పోటీ పడుతున్నది. పాపకు ఐదేళ్లు నిండి కిండర్‌గార్టెన్‌లో చేరగానే ప్రభుత్వ బడి ఉచితం కనుక ఆ భారం సగం దిగుతుంది.

అల్లుడు గారి విషయంలో ఒక మంచి వార్త ఉంది. ఎల్-1 ఉద్యోగి జీవిత భాగస్వామికి వచ్చే ఎల్-2 హోదాతోనే పని చేసే హక్కు లభిస్తుంది; 2021 నవంబరు నుంచి విడిగా పని అనుమతి కార్డు కోసం ఎదురుచూడవలసిన అవసరం కూడా లేదు. ఆయన ఏ కంపెనీలోనైనా చేరవచ్చు. రెండు జీతాలు రావడం మొదలైతే మ్యూనిక్‌తో పోలికే ఉండదు. ఇల్లు కొనడం, పెరడు ఉండడం, ఏటా కొంత వెనకేయడం ఇక్కడ మధ్యతరగతి ఉద్యోగికి సాధ్యమయ్యే సంగతులు.

వైద్యం గురించి మన వాళ్లలో భయం ఎక్కువ, అవగాహన తక్కువ. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం వల్ల ముందునుంచే ఉన్న జబ్బు పేరుతోనో గర్భం పేరుతోనో బీమా నిరాకరించడం కుదరదు. ఏడాదిలో మన జేబులోంచి పోయే సొమ్ముకు పరిమితి ఉంది; 2025లో కుటుంబానికి అది 18,400 డాలర్లు. చిన్న మొత్తం కాదు, కానీ ఆ గీత దాటాక నెట్‌వర్క్‌లోని, అంటే బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న, ఆసుపత్రి ఖర్చు బీమా కంపెనీదే. 2022 జనవరి నుంచి అమలవుతున్న చట్టం అత్యవసర వైద్యంలో నెట్‌వర్క్ బయటి డాక్టర్లు వేసే అనుకోని బిల్లులను కూడా చాలావరకు అరికట్టింది. రోడ్డు మీద వచ్చే అంబులెన్సును మాత్రం ఎందుకో ఆ చట్టం వదిలేసింది. వైద్యం నాణ్యత సంగతికొస్తే, రొమ్ము క్యాన్సర్ బయటపడిన ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉన్నవారు ఇక్కడ దాదాపు 90 శాతం, ప్రపంచంలోనే ముందువరుస.

ఇక మీరిద్దరూ రావడం గురించి. సందర్శక వీసా సాధారణంగా పదేళ్లకు ఇస్తారు, వచ్చినప్పుడల్లా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. కాన్పుకు ముందు వచ్చి బిడ్డ బోర్లా పడేదాకా ఉండి వెళ్లే అమ్మమ్మలు మా వీధిలోనే ఎందరో ఉన్నారు. తెలుగు మాట, గుడి, పచ్చళ్లు దేనికీ కొదవ లేదు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వర స్వామి ఆలయం 1976 నాటిది, ఇక్కడి తెలుగువారి సంఘం తానా 1977లో పుట్టింది, అంటే మన వాళ్లు ఇక్కడ రెండు తరాలుగా పాతుకొని ఉన్నారు. అమ్మాయి పరాయి భాష నేర్చుకునే పని లేకుండా మొదటి రోజునుంచీ తన పని తాను చేసుకోగలదు. నన్నడిగితే డాలస్ అనే అంటాను.

జవాబు: ఒంగోలు గణాంకాలు, ప్రకాశం జిల్లా

మాస్టారు గారు సూచిక గురించి అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. కళాశాలలో గణాంకశాస్త్రం బోధించినవాణ్ని కనుక ఆ భాగం నేను తీసుకుంటాను.

మానవాభివృద్ధి సూచికలో ఉన్నవి మూడే: ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం. ఆదాయాన్ని ఉన్నదున్నట్టు కలపరు. పెరిగేకొద్దీ దాని ప్రభావం తగ్గేలా లాగరిథమ్ తీసుకొని కలుపుతారు, పైగా కొనుగోలు శక్తి ప్రకారం 75,000 డాలర్లు దాటిన ఆదాయాన్ని లెక్కలోకే తీసుకోరు. అంటే సంపన్న దేశానికి అదనపు సంపద వల్ల ఆ సూచికలో ఒరిగేది చాలా తక్కువ. అమెరికా మార్కులు పోగొట్టుకుంటున్నది ప్రధానంగా ఆయుర్దాయం దగ్గర. 2023లో అక్కడి సగటు ఆయుర్దాయం 78.4 ఏళ్లు, జర్మనీలో 81, జపాన్‌లో 84 ప్రాంతంలో ఉన్నది. జాతీయ ఉత్పత్తిలో 17 శాతం పైగా వైద్యానికి ఖర్చు పెడుతూ, అందులో మూడింట రెండు వంతులే ఖర్చు పెట్టే దేశాల కంటే తక్కువ కాలం బతకడం నిజంగానే వింత.

కారణాలు ఆసుపత్రుల్లో కంటే బయటే ఎక్కువగా ఉన్నాయి. 2023లో మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించినవారు లక్షకు పైగా, తుపాకీ గుండ్లకు పోయినవారు దాదాపు 47,000 (వీరిలో సగానికి పైగా ఆత్మహత్యలే), రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు దాదాపు 41,000. వీటిలో చాలా మరణాలు నడివయసు రాకముందే సంభవిస్తాయి కాబట్టి ఒక్కొక్కటీ సగటును బాగా కిందికి లాగుతుంది. స్థూలకాయం, గుండెజబ్బులు వీటికి తోడు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆ సగటులో మీ పిల్లలు ఉంటారా? మన నెల్లూరు జిల్లా తలసరి ఆదాయం లెక్కలో కృష్ణపట్నం రేవు వ్యాపారమూ ఉంటుంది, ఉదయగిరి మెట్టలో వాన కోసం చూసే రైతూ ఉంటాడు. వచ్చిన అంకె ఇద్దరిలో ఎవరిదీ కాదు. అక్కడా అంతే. అమెరికాలో 2023లో కుటుంబ ఆదాయం మధ్యగతం (సగం కుటుంబాల ఆదాయం దానికి పైన, సగం కుటుంబాలది కింద) 80,610 డాలర్లు కాగా, భారతీయులు పెద్దలుగా ఉన్న కుటుంబాలకు అది లక్షా యాభై వేలు దాటింది. అదే ఏడాది అక్కడి ఆసియా మూలాలున్నవారి ఆయుర్దాయం 85 ఏళ్లు, జపాన్ సగటు కంటే ఎక్కువ. కాబట్టి కావలి అబ్బాయి వర్ణించిన డాలస్ అబద్ధం కాదు. దేశ సగటుకు ఎంతో పైన ఉన్న డాలస్ అది.

అయితే డబ్బుతో తప్పించుకోలేని అంశాలు కొన్ని మిగులుతాయి. ఎంత జీతం ఉన్నా అదే రోడ్డు మీద కారు నడపాలి. జనాభాతో పోల్చి చూస్తే అమెరికాలో రోడ్డు మరణాలు జర్మనీ కంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. 2020 నుంచి అక్కడ ఏడాది దాటిన పిల్లలు, పంతొమ్మిదేళ్ల లోపు యువకుల మరణాలకు తుపాకులే మొదటి కారణం. ఆ అంకెలో ఎక్కువ భాగం పదిహేను నుంచి పంతొమ్మిదేళ్లవారిదే, అది కూడా కొన్ని ప్రాంతాల్లో ఎక్కువ, కొన్నింట తక్కువ. అయినా చిన్నపిల్లలకు బడిలో తుపాకీ దాడి జరిగితే ఎలా దాక్కోవాలో ఇంత విస్తృతంగా కసరత్తు చేయించే అభివృద్ధి చెందిన దేశం వేరొకటి చూపడం కష్టం.

జీతాలు పోల్చేటప్పుడు పని గంటలు కూడా చూడాలి. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ లెక్కల ప్రకారం అమెరికాలో ఒక్కొక్కరు ఏడాదికి సగటున దాదాపు 1,800 గంటలు, జర్మనీలో దాదాపు 1,340 గంటలు పని చేస్తున్నారు. జర్మనీలో సగం పూట ఉద్యోగాలు ఎక్కువన్నది నిజమే, ఆ తేడాలో కొంత దానిదే. మిగిలినదానిలో సెలవులదీ పెద్ద వాటా. గంట లెక్కన చూస్తే రెండు దేశాల ఉత్పాదకత మధ్య దూరం చాలావరకు తగ్గిపోతుంది. ఆ 400 పైచిలుకు గంటలకు ఎవరి ఇంట్లో ఎంత విలువ కడతారన్నది మాత్రం గణాంకశాస్త్రం చెప్పదు.

జవాబు: కందుకూరు ఆడపడుచు, మ్యూనిక్

మాస్టారు గారూ, నేను ఇక్కడ ఇద్దరు పిల్లలను కన్నదాన్ని కనుక కాన్పు దగ్గరే మొదలుపెడతాను. ఇక్కడ చట్టబద్ధ ఆరోగ్య బీమాకు జీతంలోంచి 14.6 శాతం, దాని మీద కొంత అదనపు చందా పోతుంది, అందులో సగం యజమాని కడతాడు. ఆదాయం లేని భార్య, పిల్లలు అదే బీమా కిందికి రూపాయి అదనంగా కట్టకుండా వచ్చేస్తారు. కాన్పు ముందు పరీక్షలకు, కాన్పుకు, ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూసి వెళ్లే మంత్రసానికి నేను కట్టింది ఏమీ లేదు. డిడక్టిబుల్ (బీమా కంపెనీ చెల్లించడం మొదలుపెట్టేముందు మనం పెట్టుకోవలసిన ఖర్చు), నెట్‌వర్క్ వంటి మాటలు ఇక్కడికి వచ్చాక నేను వినలేదు. నిపుణుడైన డాక్టరు దగ్గర తేదీ దొరకడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది; నెల్లూరులో అదే సాయంత్రం స్పెషలిస్టును చూసే అలవాటు ఉన్న మనకు ఇది చాలా విసుగు.

జీతం సంగతి దాచను. 80,000 యూరోల్లో భార్యకు ఆదాయం లేని ఉద్యోగికి వర్తించే పన్ను తరగతిలో నెలకు 4,600 యూరోల ప్రాంతం చేతికి వస్తుంది. మ్యూనిక్ జర్మనీలోకెల్లా అద్దెలు ఎక్కువున్న ఊరు. పిల్లలున్న కుటుంబానికి సరిపడే ఇల్లు 2,000 యూరోల లోపు దొరికితే అదృష్టమే, అది దొరికేలోపు చెప్పులు అరుగుతాయి. దీనికి ఎదురుగా ఒక్కొక్క బిడ్డకు ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇస్తుంది; 2025లో అది 255 యూరోలు. ఏడాది నిండిన బిడ్డకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందడం 2013 నుంచి చట్టపరమైన హక్కు, రుసుము అమెరికా డేకేర్‌తో పోలిస్తే నామమాత్రం. హక్కు ఉన్నంత మాత్రాన చోటు దొరుకుతుందని అనుకోకండి. గర్భంతో ఉండగానే దరఖాస్తు పెట్టుకునేవారు ఎందరో. కారు లేకుండానే సంసారం గడుస్తుంది. 2023లో 49 యూరోలతో మొదలైన, 2025లో 58 యూరోలు ఉన్న నెలవారీ టికెట్టుతో దేశమంతా స్థానిక రైళ్లు, బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు.

డాలస్ అన్నగారు చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది: చెడ్డరోజులు వస్తే ఏమవుతుందన్నది. ఇక్కడ జబ్బు చేస్తే ఆరు వారాల పాటు యజమాని పూర్తి జీతం ఇవ్వాలి, ఆ తర్వాత బీమా సంస్థ దాదాపు 70 శాతం ఇస్తుంది. ఉద్యోగం పోతే, అంతకుముందు కనీసం ఏడాది చందా కట్టి ఉంటే, పిల్లలున్నవారికి చేతికొచ్చే జీతంలో 67 శాతం కొన్ని నెలల పాటు వస్తుంది. బ్లూ కార్డు ఉన్నవారికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం మూడు నెలల గడువు ఉంటుంది. అమెరికాలో ఎల్-1 ఉద్యోగికి 60 రోజులే. ఆ వీసా ఆ ఒక్క కంపెనీకే కట్టుబడి ఉంటుంది కనుక వేరే కంపెనీలో చేరాలంటే హెచ్-1బి లాటరీలో పేరు రావాలి. ఇల్లు, బడి, కారు వాయిదాలు అన్నీ రెండు నెలల్లో మూటగట్టుకోవలసి వచ్చిన కుటుంబాలు మా బంధువుల్లోనే ఉన్నాయి.

స్థిరనివాసం దగ్గర తేడా ఇంకా పెద్దది. బ్లూ కార్డు మీద పనిచేస్తూ బి1 స్థాయి (మధ్యస్థం) జర్మన్ వస్తే 21 నెలలకు, ఎ1 స్థాయి (ప్రాథమికం) మాత్రమే వస్తే 27 నెలలకు శాశ్వత నివాసం అడగవచ్చు. అది వచ్చాక ఏ కంపెనీ తీసేసినా దేశం వదిలి వెళ్లమనేవారు లేరు.

పింఛను గురించి కూడా ఒక మాట. సామాజిక భద్రత ఒప్పందం భారతదేశానికి జర్మనీ, ఆస్ట్రేలియా, కెనడా, జపాన్‌లతో ఉంది, అమెరికాతో లేదు. ఇక్కడ ఐదేళ్లు చందా కడితే పింఛను హక్కు వస్తుంది, మన దేశంలో పనిచేసిన కాలాన్ని కూడా ఆ అర్హతకు కలుపుకోవచ్చు. అమెరికాలో సుమారు పదేళ్లు కట్టకుండా తిరిగివస్తే, సోషల్ సెక్యూరిటీకి పోయిన ఆ 6.2 శాతం అక్కడే ఉండిపోతుంది.

కష్టాల్లో మొదటిది భాష. ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచినా, బడి నుంచి వచ్చే ఉత్తరం, ఇంటి యజమాని కబురు, ప్రభుత్వ కార్యాలయంలో మాట, అన్నీ జర్మనే. విదేశీయుల కార్యాలయంలో ఒక కాగితం కోసం నెలలు ఎదురుచూడడం మామూలు. ఆదివారం కొట్లు మూస్తారు, మధ్యాహ్నం పిల్లలు గట్టిగా అరిచినా పక్కింటివారు తలుపు తడతారు. మొదటి చలికాలం నేను చాలా ఏడ్చాను. మా పెద్దవాడు మాత్రం రెండో తరగతి నుంచే తోటి పిల్లలతో నడిచి బడికి వెళ్లివస్తున్నాడు. అది చూశాక వెనక్కి పోదామన్న మాట మా ఇంట్లో రాలేదు.

జవాబు: పొదిలి నర్సమ్మ, మెల్‌బోర్న్

అడగని దేశం గురించి చెబుతున్నందుకు ఏమనుకోవద్దు మాస్టారూ. ఇద్దరికీ వయసు 45 లోపే అయి ఉంటుంది కనుక, వయసు, చదువు, అనుభవాలకు పాయింట్లు వేసి ఇచ్చే ఆస్ట్రేలియా వీసా సంగతి కూడా చూసుకోమనండి. భాష ఇంగ్లీషే. వచ్చేది నేరుగా శాశ్వత నివాసంతో కావచ్చు, ఆ రోజునుంచే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్‌లో చేరవచ్చు. ఏడాదికి నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. 2025 జులై నుంచి యజమాని జీతానికి అదనంగా 12 శాతం పదవీ విరమణ నిధికి కట్టాలి. 1996లో పోర్ట్ ఆర్థర్ కాల్పుల తర్వాత తుపాకులను ప్రభుత్వం కొనేసి చట్టం బిగించింది. ఇళ్ల ధరలు మాత్రం గుండె గుభేలుమనిపిస్తాయి. తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకుందామంటే తక్కువ రుసుము ఉన్న వీసాకు ముప్పై ఏళ్ల వరుస అంటున్నారు. డెబ్బై ఏళ్ల తండ్రికి ఆ మాట ఎలా చెప్పను? పాయింట్ల దారి ఈ నెలాఖరులో తేలేది కాదు, కనుక మీ ఇప్పటి నిర్ణయానికి ఇది పనికిరాకపోవచ్చు.

కోవూరు మాస్టారు:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. అన్నీ అచ్చు తీయించి అమ్మాయికి, అల్లుడు గారికి చదివి వినిపించాను. వాళ్ల నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. మ్యూనిక్ వెళితే తన ఉద్యోగం ఏమవుతుందని అమ్మాయి అడుగుతున్నది. ఇంజనీరింగ్‌లో కాలేజీ మొదటిస్థానం తెచ్చుకున్న పిల్ల, ఇంట్లో కూర్చోవడానికి ఒప్పుకోదు. డాలస్ వెళితే గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఎంతకాలం ఈ అరవై రోజుల కత్తి కింద బతకాలని అల్లుడు గారు అడుగుతున్నారు. మా ఇద్దరిలో మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, నాకు చక్కెర జబ్బు ఉన్నాయి. మేము వెళ్లి ఉండే విషయంలో కూడా జర్మనీ సంగతి చెప్పగలరు.

కందుకూరు ఆడపడుచు:

అమ్మాయి అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న అనిపిస్తున్నది. బ్లూ కార్డు ఉద్యోగి భార్యకు పని చేసే హక్కు పూర్తిగా ఉంటుంది, ఆమె వీసాకు భాషా పరీక్ష కూడా అడగరు. కానీ ఉద్యోగం ఇచ్చేవారు భాష అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషు మాత్రమే చాలన్న ఉద్యోగాలు మ్యూనిక్, బెర్లిన్‌లలో ఉన్నాయి గానీ పోటీ తీవ్రం. బిడ్డ పుట్టి, సంరక్షణ కేంద్రంలో చోటు దొరికి, బి2 దాకా భాష నేర్చుకునేసరికి రెండు మూడేళ్లు పట్టవచ్చు. నాకు దాదాపు అంతే పట్టింది, మళ్లీ మొదలుపెట్టిన జీతం బెంగళూరులో వదిలి వచ్చిన హోదాకు తగినది కాదు. జర్మనీ కుటుంబానికి ఇచ్చే నిశ్చింతలో కొంత ఖరీదు ఇలా భార్య ఉద్యోగం రూపంలో చెల్లించవలసి వస్తుంది, దీన్ని ఏ సూచికలోనూ చూపరు. ఆమెకు వచ్చిన అవకాశం కాబట్టి ఆమె మాటకు బరువు ఇవ్వండి.

మీరు రావడం గురించి: సందర్శక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వరు. 2024 మార్చి ఒకటి తర్వాత నైపుణ్య అనుమతి పొందినవారు తల్లిదండ్రులను, అత్తమామలను దీర్ఘకాలానికి రప్పించుకునే వీలు చట్టంలో వచ్చింది. అయితే పెద్దవాళ్లకు ఆరోగ్య బీమా చూపించాలి. చక్కెర జబ్బు ఉన్న వయోధికులకు ఆ బీమా దొరకడం, దొరికినా ప్రీమియం భరించడం చాలా కష్టం. అమెరికా వెళ్లినా ఈ ముల్లు మరో రూపంలో ఉంటుంది. అక్కడి సందర్శకుల బీమాలు పాత జబ్బులను చాలావరకు మినహాయిస్తాయి.

కావలి అబ్బాయి, డాలస్:

అక్కయ్య గారు చెప్పినవాటిలో నేను కాదనగలిగేది లేదు. అరవై రోజుల భయం ఇక్కడ మా అందరిదీ. గ్రీన్‌కార్డుల్లో ఒక్కొక్క దేశంలో పుట్టినవారికి ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల, ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డుల రెండో, మూడో వర్గాల్లో భారతీయుల వరుస దశాబ్దాలకు పాకింది. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. వరుస కదలకుండా ఆ పిల్లకు 21 నిండితే తల్లి మీద ఆధారపడిన హోదా పోయి సొంత వీసా వెతుక్కోవాలి. ఇక్కడ పుట్టే రెండో బిడ్డ పౌరసత్వాన్ని లెక్కలో వేసుకొని రావద్దు. ఆ హక్కును కుదిస్తూ 2025 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు మీద వ్యాజ్యాలు నడిచాయి.

అందువల్ల సంతకం పెట్టేముందు అమ్మాయి తన కంపెనీని కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడగాలి. మొదటిది, ఇచ్చేది మేనేజర్లకు ఉద్దేశించిన ఎల్-1ఎ వీసానా, ప్రత్యేక నైపుణ్యానికి ఇచ్చే ఎల్-1బి వీసానా అన్నది. మొదటిదైతే గరిష్ఠంగా ఏడేళ్లు ఉండవచ్చు, అర్హత కుదిరితే గ్రీన్‌కార్డుకు మొదటి వర్గంలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ వరుస మిగతావాటికంటే చాలా పొట్టి. రెండోదైతే ఐదేళ్లే. గ్రీన్‌కార్డు దరఖాస్తు చేరిన ఏడాదిలోపే పెడతారా, ఖర్చు ఎవరిదన్నది కూడా అందులో ఉండాలి.

ఇక కాన్పు. కేంద్ర చట్టం ప్రకారం దొరికేది 12 వారాల జీతం లేని సెలవు, అది కూడా ఆ యజమాని దగ్గర 12 నెలలు పనిచేసినవారికి, కనీసం 50 మంది ఉద్యోగులున్న కంపెనీల్లోనే. ఇప్పుడు మూడో నెల కనుక అమ్మాయి ఇక్కడికి వచ్చిన కొద్ది నెలలకే కాన్పు వస్తుంది. బెంగళూరులో చేసిన కాలాన్ని సెలవు అర్హతకు కలుపుతారా, కంపెనీ సొంతంగా జీతంతో ప్రసూతి సెలవు ఇస్తుందా, ఎన్ని వారాలు, బీమా ఏ తేదీ నుంచి మొదలవుతుంది, ఇవి ముందే తేల్చుకోవాలి. లేదా కాన్పు నెల్లూరులోనో బెంగళూరులోనో కానిచ్చి, ఇక్కడ చేరే తేదీని వెనక్కి జరపమని అడిగి చూడవచ్చు. వీసా మంజూరయ్యాక ప్రయాణాన్ని కొన్ని నెలలు వాయిదా వేసుకున్నవాళ్లు నాకు తెలిసినవారిలో ఉన్నారు. ఎల్-1బి అని చెప్పి, గ్రీన్‌కార్డు మాట దాటవేస్తే, నేను మొదట చెప్పిన డాలస్ మాటను పక్కన పెట్టి మ్యూనిక్ గురించే ఆలోచించండి.